మూలనున్న కంప్యూటరే ఇంటి భోషాణము

మదీనా కూడలి నుండి చార్మినారు వైపు నడచువారికి దారికి ఇరుప్రక్కల రాతి కమానుల వరుసలు కనబడును. దానినే పత్తర్‌గట్టి అందురు. పత్తర్ అనగా రాయి. క్రింద అంగళ్లు, పైన మేడలు. అంగళ్లలో వస్త్రములు, ముత్యములు, అత్తరులు. మేడలమీద కాపురములు, చిన్నచిన్న కార్యాలయములు. ఈ వరుసలు ఒక మహావిపత్తు తరువాత నగరమును తిరిగి తీర్చిదిద్దిన కాలమున వెలసినవన్న సంగతి, ఆ దారిని నిత్యము నడచువారిలో సైతము చాలమందికి స్ఫురింపదు.

1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదును ముంచెత్తినది. వేలకొలది జనులు మరణించిరి. ఆ పిమ్మట ఎగువన 1920లో ఉస్మాన్‌సాగరము, 1927లో హిమాయత్‌సాగరము సిద్ధమైనవి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి ఇరుకు సందులను తొలగించి, వీథులను వెడల్పుచేసి, పత్తర్‌గట్టి వంటి రాతికట్టడములను లేపినది. పోయిన ప్రాణములను, కూలిన ఇళ్లను చరిత్ర చెప్పుచున్నది. ఆ ఇళ్లలో చెక్కపెట్టెలలో దాచిన దస్తావేజులకు, జాబులకు, జాతకములకు లెక్క ఎవరు కట్టగలరు? 2020 అక్టోబరులో కురిసిన వానలకు పాతనగరములోని పలు బస్తీలు మరల నీట మునిగినవి. మొదటి అంతస్తులోని పెట్టెలు ఆనాడును తడిసినవి.

నేటి పెట్టెలు వేరు. పెండ్లి ఛాయాచిత్రములు, భూమి పత్రముల ప్రతులు, పిల్లల ధ్రువపత్రములు, తాతగారి కంఠస్వరము, ఇవన్నియు ఇప్పుడు ఒక చేతిఫోనులో ఇమిడియున్నవి. ఆ ఫోను ఆటోలో మరచినను, నీటిలో పడినను, కుటుంబ చరిత్రలో సగము పోవును. అద్దెకు దొరకు దూరపు నిలువలు కలవు. కాని ఉచితస్థలము నిండిన పిమ్మట నెలనెల రుసుము చెల్లింపవలెను. ఆ ఖాతా మూతపడినచో అందలి సొత్తును తిరిగి పొందుట కష్టము. కావున మన ఇంటిలోనే మూలన పడియున్న కంప్యూటరును ఒక భోషాణముగా మార్చుకొని, ఎక్కడనున్నను దాని తాళము తీయగలిగిన ఉపాయమేదని చాలమంది అడుగుచున్నారు. ఆ ఉపాయమును ఈ ప్రసంగమున వివరింతుము.

ముందుగా ఫైల్ సర్వరు అనగానేమి? 1901లో మన నగరములో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము రావిచెట్టు రంగారావుగారి ఇంటిలో ప్రారంభమైనది. గృహస్థుని ఇల్లు, అల్మరాలలో పుస్తకములు, వచ్చినవారికి తీసియిచ్చు ఒక మనిషి. ఈ మూడును చేరినంతనే అది గ్రంథాలయమైనది. ఫైల్ సర్వరును అట్టిదే. కంప్యూటరు ఇల్లు, హార్డ్ డిస్కు అల్మరా, అడిగినవారెవరో విచారించి, వారికి అర్హమైన ఫైలును మాత్రము తీసియిచ్చు ప్రోగ్రాము ఆ గ్రంథపాలకుడు. రేడియోకును దీనికిని గల భేదము గమనింపదగినది. మా ప్రసారము పెట్టె తెరచిన ప్రతివారికి వినబడును. సర్వరు పిలిచినవారికే పలుకును. అందును తాను ఎరిగినవారికే పలుకవలెను. ఈ రెండవ మాటయే ఈ విషయమున కెల్ల ప్రాణము.

ఇక సరంజామా. ఇందుకు క్రొత్త యంత్రము అక్కరలేదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినందున, విండోస్ 11ను అంగీకరింపని మంచి కంప్యూటర్లు అనేక గృహములలో మూలకు చేరినవి. 64 బిట్ల ప్రాసెసరు, 4 గిగాబైట్ల ర్యామ్ ఉన్నచో ఒక కుటుంబమునకు చాలును. పని యంతయు ఫైలును డిస్కునుండి తీసి తీగమీద పంపుటయే. గొప్ప లెక్కలు కట్టుట కాదు.

అయితే రాత్రింబవళ్లు నడచు యంత్రము కనుక విద్యుత్తు ఖర్చు ముందుగా చూచుకొనవలెను. పాత డెస్క్‌టాప్ కంప్యూటరు ఊరక నిలిచియున్నపుడు 60 వాట్లు తీసుకొనుచున్నదనుకొందము. రోజునకు 24 గంటల చొప్పున 30 దినములకు 43 యూనిట్లు అగును. పాత లాప్‌టాపు 15 వాట్లతో నడచినచో 11 యూనిట్లు మాత్రమే. పెరిగిన యూనిట్లవలన బిల్లు పై శ్లాబునకు పోవునేమో చూచుకొనుట గృహిణికి వేరుగ చెప్పనక్కరలేదు. లాప్‌టాపునకు మరియొక మేలు కలదు: కరెంటు పోయినను దాని బ్యాటరీ కొంతసేపు నిలుపును. కాని పాత బ్యాటరీ ఉబ్బియున్నచో అది అగ్నికి ఆహ్వానము. అట్టిదానిని అనుభవజ్ఞునిచే తీయించి, చార్జరుతోనే నడుపవలెను.

రెండవది డిస్కు. యంత్రము పాతదైనను దోషములేదు గాని, సొత్తును దాచు డిస్కు పాతది కారాదు. డిస్కులు తమ ఆరోగ్యమును తామే లెక్కవేసికొను స్మార్ట్ అను ఏర్పాటు చాలకాలము నుండి కలదు. చెడిన గదుల సంఖ్య అందులో పెరుగుచున్నచో ఆ డిస్కును నమ్మరాదు. ఒక ఛాయాచిత్రము 4 మెగాబైట్లనుకొన్నచో, 1 టెరాబైటు డిస్కులో రెండున్నర లక్షల చిత్రములు పట్టును. కావున మిక్కిలి పెద్దది ఒకటి కొనుటకంటె మధ్యరకమువి రెండు కొనుట వివేకము. రెండవది ఎందులకో ముందు చెప్పుదుము. సికింద్రాబాదు ప్యారడైజు సమీపమున చెనాయ్ ట్రేడ్ సెంటరులో ఇట్టి సామగ్రి దొరకును. వాడిన డిస్కు చవుకగా వచ్చినను, ఈ పనికి తీసికొనకుండుటయే మేలు.

మూడవది నడిపించు వ్యవస్థ. 1991లో ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లైనక్సు నేడు ప్రపంచములోని సర్వర్లలో అధికభాగమును నడుపుచున్నది, వెల లేదు. దానిమీద నిర్మించిన డెబియన్ అను కూర్పు 1993 నుండి స్వచ్ఛందముగా పనిచేయువారిచే సాగుచున్నది. డెబియన్ ఆధారముగా, ఇంటి సర్వరుకొరకే సిద్ధపరచినది ఓపెన్‌మీడియావాల్ట్. దీనిని నెలకొల్పిన పిమ్మట ఆ కంప్యూటరునకు తెర, కీబోర్డు అక్కరలేదు; ఇంటిలోని మరియొక కంప్యూటరు బ్రౌజరునుండియే ఏర్పాట్లన్నియు చేయవచ్చును.

నెలకొల్పు క్రమము ఇది. మొదట పాత కంప్యూటరులో మిగిలియున్న ఫైళ్లను వేరొక డిస్కులోనికి ఎక్కించుకొనవలెను. ఏలయన నెలకొల్పునపుడు లోపలి డిస్కు పూర్తిగా చెరిగిపోవును. పిదప వ్యవస్థ ప్రతిని పెన్‌డ్రైవులో వ్రాసి, దానితో కంప్యూటరును లేపి, లోపలి చిన్న డిస్కుమీద వ్యవస్థను నిలుపవలెను. కుటుంబపు సొత్తునకు క్రొత్త డిస్కును వేరుగా కేటాయింపవలెను. వ్యవస్థ చెడినను సొత్తు చెడకుండుటకే ఈ విభజన. కంప్యూటరును రౌటరునకు వైఫైతో గాక తీగతో కలుపవలెను. రౌటరులో ఈ యంత్రమునకు ఎల్లప్పుడు ఒకే అంకెల చిరునామా, ఉదాహరణకు 192.168.1.10, దక్కునట్లు నియమింపవలెను. లేనిచో గ్రంథపాలకుడు దినమునకొక గదిలో కూర్చున్నట్లగును. చివరకు, పోయిన కరెంటు తిరిగి వచ్చినంతనే యంత్రము తనంత తాను లేచునట్లు దాని మూల అమరికలలో ఒక నియమము చేర్పవలెను. లాప్‌టాపు అయినచో మూత వేసినను నిద్రింపకుండునట్లు చెప్పియుంచవలెను.

ఇంటిలోని ఫోనులకు, కంప్యూటర్లకు ఫైళ్లు అందించు పని సాంబా అను ప్రోగ్రాముది. 1992లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో ఆండ్రూ ట్రిడ్జెల్ దీనికి శ్రీకారము చుట్టెను. విండోస్ యంత్రములు తమలో తాము మాటలాడుకొను భాషను లైనక్సునకు నేర్పినది ఇదియే. దీనివలన సర్వరులోని అరలు మీ కంప్యూటరులోని మరియొక డిస్కువలె కనబడును. ఇంటిలో ప్రతివారికి వేరు పేరు, వేరు పాస్‌వర్డు ఇచ్చి, అందరికిని ఒక ఉమ్మడి అర, ఒక్కొక్కరికి ఒక సొంత అర ఏర్పరచవలెను. పిల్లలకు ఛాయాచిత్రములు చూచు హక్కు చాలును. చెరుపు హక్కు వలదు.

ఇంతవరకు పని ఇంటిలోపలిది. చిక్కంతయు గడప దాటినపుడు మొదలగును. పత్తర్‌గట్టి మేడమీద కాపురముండి, క్రింద వస్త్రదుకాణము నడుపు ఒక కుటుంబమును ఊహింతము. కుమారుడు డాలస్‌లో చదువుచున్నాడు. అతనికి తన పదవతరగతి ధ్రువపత్రపు ప్రతి అత్యవసరముగా కావలెను. హైదరాబాదులో అర్ధరాత్రి. ఇంటిలో అందరు నిద్రించుచున్నారు. సర్వరు మేల్కొనియే యున్నది. అతడు దానిని చేరుట యెట్లు?

ఈ మేడనే తీసికొందము. మేడకంతటికి వీథిలో ఒకే నంబరు; లోపల పది వాటాలు. వాకిట కాపలాదారుడున్నాడు. లోపలివారు జాబు వ్రాసినచో దాని బదులును సరియైన వాటాకు చేర్చును. ఎవరును పిలువకుండ వచ్చిన అపరిచితుని వెనుకకు పంపును. మన రౌటరు చేయు పని సరిగా ఇదియే. ఇంటిలోని యంత్రములన్నిటికి బయట ఒకే చిరునామా. అందువలన డాలస్ నుండి వచ్చిన పిలుపు వాకిటనే ఆగిపోవును. కొందరు కాపలాదారునితో "ఫలానా తలుపు కొట్టినవారినెల్ల లోనికి పంపుము" అని చెప్పుదురు. దీనిని పోర్టు తెరచుట అందురు. పని జరుగును, కాని ఆ తలుపును డాలస్‌లోని అబ్బాయి మాత్రమే కాదు, ప్రపంచములోని దొంగలందరును కొట్టగలరు. వారు చేతితో కొట్టరు. యంత్రములచేత ప్రతి చిరునామాను పగలు రాత్రి కొట్టించుచుందురు.

ఇది ఉత్త భయము కాదు. 2017 మే నెలలో వన్నాక్రై అను దుష్ట ప్రోగ్రాము విండోస్‌లో ఫైళ్లను పంచుకొను పాత పద్ధతిలోని ఒక లోపమును ఆధారముగా గొని దేశదేశములకు ప్రాకినది. ఫైళ్లకు తాళము వేసి, డబ్బిచ్చిన గాని తీయనన్నది. బ్రిటనులో ఆసుపత్రులు స్తంభించినవి. ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖలోని కొన్ని కంప్యూటర్లును దాని వాత పడినవి. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అను మరియొకటి, ఇండ్లలో ఇంటర్నెట్టునకు నేరుగా తెరచియుంచిన డిస్కుపెట్టెలనే వెదకి పట్టుకొన్నది. అందుచేత మొదటి సూత్రము: సాంబా తలుపును గాని, ఏర్పాట్లు చేయు పుటను గాని ఎన్నడును వీథికి తెరువరాదు.

మరి మార్గమేమి? ఇంటికిని అబ్బాయి ఫోనునకును నడుమ రహస్యమైన సొరంగము త్రవ్వుట. దీనిని వీపీఎన్ అందురు. జేసన్ డోనెన్‌ఫెల్డ్ రూపొందించిన వైర్‌గార్డ్ అను సొరంగపద్ధతి 2020 మార్చిలో లైనక్సు మూలములో చేరినది. ఇందులో ప్రతి యంత్రమునకు రెండు తాళపుచెవులు: ఒకటి రహస్యము, మరియొకటి బహిరంగము. రహస్యపు చెవి ఆ యంత్రము దాటిపోదు. బహిరంగపు చెవిని మాత్రము ఒకదానికొకటి ఇచ్చిపుచ్చుకొనును. సర్వరు తనవద్ద నమోదైన చెవులు గల యంత్రములకే బదులిచ్చును. ఇతరులు తట్టినచో "ఎవరు?" అనియైనను పలుకదు. ఇంటిలో ఎవరైన ఉన్నారో లేదో కూడ దొంగకు తెలియదు. సొరంగములో పోవునదంతయు గూఢలిపిలో నుండుటచే నడుమ నెవరు పట్టుకొన్నను అర్థము కాదు. సొరంగము గుండా వచ్చిన అబ్బాయికి తాను ఇంటిలోనే కూర్చున్నట్లు అరలన్నియు కనబడును.

ఇక్కడ ఒక ఆటంకము కలదు. వైర్‌గార్డ్ నేరుగా పనిచేయవలెనన్నచో మీ రౌటరునకు బయటి లోకమున సొంత చిరునామా ఉండవలెను. సొరంగపు ముఖద్వారమొకటి మాత్రము రౌటరులో తెరువవలెను. చిరునామాలు చాలక, ఇంటర్నెట్టు కంపెనీలు నేడు అనేక గృహములకు కలిపి ఒకే చిరునామా నిచ్చుచున్నవి. అనగా మేడకే కాదు, బస్తీకంతటికి ఒకే నంబరన్నమాట. మీ స్థితి తెలిసికొనుట సులభము. రౌటరు పుటలో బయటి చిరునామా 100.64 మొదలు 100.127 వరకు గల అంకెలతో ప్రారంభమైనచో మీరు అట్టి బస్తీలోనున్నారు. 2012లో ఆ అంకెలు ఇందులకే కేటాయింపబడినవి. అప్పుడు కంపెనీకి అదనపు రుసుము చెల్లించి స్థిరమైన చిరునామా కోరవచ్చును. సొంత చిరునామా ఉన్నను అది అప్పుడప్పుడు మారునట్టిదైనచో, మారిన అంకెలను ఒక పేరుతో ముడివేయు డైనమిక్ డీఎన్‌ఎస్ సేవను వాడవలెను.

ఈ బాధ లేకుండ వైర్‌గార్డ్‌నే ఆధారముగా చేసికొని పనిచేయు టెయిల్‌స్కేల్ వంటి సేవలు కలవు. ఇందులో ఇంటి సర్వరు, అబ్బాయి ఫోను రెండును లోపలినుండియే బయటికి జాబు వ్రాయును. నడుమ నున్న పెద్దమనిషి ఒకరి ఆచూకీ ఒకరికి చెప్పును. పిదప అవి తమలో తాము సొరంగము కట్టుకొనును. కుదరనిచో ఆ సేవవారి మజిలీ గుండా పోవును. అప్పుడును గూఢలిపి చెడదు. గృహావసరములకు ఉచితముగనే లభించును. కాపలాదారునికి ఏమియు చెప్పనక్కరలేదు. కాని ఆ సేవలోనికి ప్రవేశించు ఈమెయిలు ఖాతాయే మీ భోషాణమునకు తాళపుచెవి యగును. దానికి రెండంచెల పరీక్ష తప్పనిసరి.

వేగమును గూర్చి ఒక మాట. దూరమునుండి ఫైలు తెచ్చుకొనునపుడు మన ఇంటినుండి బయటికి పోవు వేగమే లెక్కకు వచ్చును. అది సెకనునకు 40 మెగాబిట్లైనచో 4 గిగాబైట్ల పెండ్లి చలనచిత్రమునకు 13 నిమిషములు పట్టును. ధ్రువపత్రపు ప్రతికి క్షణము చాలును.

తలుపులు సరిచేసినాము, ఇక పెట్టెను గూర్చి ఆలోచింతము. స్పూలు టేపు ఖరీదైన రోజులలో ఒక ప్రసంగమును చెరిపి దానిమీదనే మరియొకటి ముద్రించుట రేడియో కేంద్రములలో మామూలు. అట్లు చెరిగిన కంఠములు మరల రావు. ఒకే ప్రతి కలిగిన వస్తువు మనదైనను, సగము పోయినట్లే లెక్క అని ఈ వృత్తి మాకు నేర్పినది. సర్వరు నెలకొల్పినవారిలో పలువురు ఇచ్చటనే పొరబడుచున్నారు. రెండు డిస్కులను జంటగా కట్టి, ఒకదానిలో వ్రాసినది రెండవదానిలోను ఏకకాలమున వ్రాయునట్లు చేసి, ఇక భయములేదందురు. ఒక డిస్కు చెడినపుడు ఆ ఏర్పాటు ఆదుకొనును; నిజమే. కాని పొరపాటున చెరిపినది రెండింటను చెరుగును. దుష్ట ప్రోగ్రాము తాళము వేసినచో రెండింటికిని పడును. నీరు వచ్చినచో రెండును మునుగును. అద్దములోని బింబము రెండవ మనిషి కాజాలదు.

కావున ప్రతి ముఖ్యమైన ఫైలునకు మూడు ప్రతులుండవలెను. అవి రెండు రకముల సాధనములమీద ఉండవలెను. ఒకటి వేరొక ఊరిలో ఉండవలెను. మేము ముందుగా రెండవ డిస్కు కొనుమన్నది ఇందులకే. దానిని వారమునకొకసారి తగిలించి, ప్రతి తీసి, మరల విడదీసి దాచవలెను. తగిలియుండని డిస్కును ఏ దుష్ట ప్రోగ్రామును తాకలేదు. మూడవ ప్రతి గూఢలిపిలో వరంగల్లులోనో, నిజామాబాదులోనో ఉన్న బంధువుల ఇంటికి చేరవలెను. దసరాకు పుట్టింటికి పోవు ఇల్లాలి సంచిలో చిన్న డిస్కు పట్టదా? ఓపిక గలవారు బంధువుల ఇంటి పాత కంప్యూటరును అదే సొరంగములో కలిపి, రాత్రివేళ మారిన ఫైళ్లు మాత్రము తమంత తామే పోవునట్లు ఆర్‌సింక్ వంటి ప్రోగ్రాముతో నియమింపవచ్చును. 1908లో గాని, 2020లో గాని మూసీతీరపు నీరు ఓరుగల్లు అల్మరాను తడుపలేదు గదా!

ప్రతి తీసితిమని తృప్తిపడరాదు. ఆరునెలలకొకసారి ఏదేని ఒక పాత చిత్రమును ఆ మూడవ ప్రతినుండి తిరిగి తెచ్చి తెరచి చూడవలెను. తెరువరాని ప్రతి లేని ప్రతితో సమానము. భద్రతకు సంబంధించిన సవరణలు తమంత తామే చేరునట్లు సర్వరునకు నియమింపవలెను. దొంగ యంత్రమునే ఎత్తుకొనిపోవునన్న భయమున్నచో డిస్కునంతటిని గూఢలిపిలో ఉంచవచ్చును. అయితే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారి ఎవరైన పాస్‌వర్డు కొట్టవలసియుండును. భద్రత, సౌకర్యము ఈ రెండింటిలో ఏది ఎంత కావలెనో ఇంటివారే తేల్చుకొనవలెను.

కట్టకడపటి మాట యంత్రమును గూర్చినది కాదు, మనుష్యులను గూర్చినది. ఇట్టి ఏర్పాటు సాధారణముగా ఇంటిలో ఒక్కరికే తెలియును. ఆ ఒక్కరు దూరదేశము పోయినను, మంచముపట్టినను, మరి లేకపోయినను, సొత్తు ఇంటిలోనే ఉండి ఇంటివారికి అందకుండపోవును. నీటిలో మునిగిన పెట్టెకును, తాళపుచెవి తెలియని పెట్టెకును భేదమేమి? పాస్‌వర్డులను, యంత్రమును ఆపి లేపు క్రమమును, మూడవ ప్రతి ఉన్న చోటును తేట తెలుగులో ఒక కాగితముమీద వ్రాసి, నగలు దాచు బీరువాలో ఉంచవలెను. ఆ కాగితము చూచి ఇల్లాలైనను, నాయనమ్మయైనను ఒక చిత్రమును బయటికి తీయగలిగిరా యని ఒకసారి చేయించి చూడవలెను.

అన్నియు ఒకేనాడు చేయనక్కరలేదు. రానున్న ఆదివారమున పాత కంప్యూటరును తుడిచి, డిస్కు ఆరోగ్యమును పరీక్షించి, ఒకే ఒక అరను, మీ తల్లిదండ్రుల ఛాయాచిత్రములను, అందులో ఉంచుడు. అది ఇంటిలో నెలరోజులు సరిగా నడచిన పిమ్మటనే గడప దాటుడు. అంతకుముందే, ఆ అరకు రెండవ ప్రతి తీసి మరియొక ఇంటికి పంపుడు.